పెద్దకర్మ ప్యాకేజీ: ఫ్రేము, ఫ్లెక్సీ, జ్ఞాపకాల పుస్తకం – దేనికి డబ్బు పెట్టొచ్చు, దేన్ని వదిలేయొచ్చు

ఇంటి పెద్ద పోయిన రెండు మూడు రోజులకే స్టూడియో నుంచో, డీటీపీ షాపు నుంచో ఒక లిస్టు ఇంటికి వస్తుంది. గోడకి పెద్ద ఫొటో ఫ్రేము, వీధిలోకి ఫ్లెక్సీ, కర్మ పత్రికలు, వాట్సాప్ స్టేటస్‌కి పాట పెట్టిన వీడియో, భోజనాలకి వచ్చినవాళ్లకి పంచే చిన్న పుస్తకం. అన్నీ కలిపి ఒకే రేటు. మండల కేంద్రాల్లో కూడా ఇప్పుడు ఈ ప్యాకేజీ దొరుకుతోంది. పేర్లు మాత్రం ఇంటిని బట్టి మారతాయి. ఒకచోట పెద్దకర్మ, ఒకచోట దశదిన కర్మ, ఒకచోట దినాలు, క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడిక. ఇది ఏ ఒక్క షాపు మీదా రాసింది కాదు. ఈ రకం సేవ మొత్తం మీద సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తే సౌకర్యం. ఫొటో ఫ్రేముకి డబ్బు పెట్టొచ్చు, ఫైలు సరిగ్గా ఇస్తేనే. ఫ్లెక్సీ ఒకటి చాలు, అదీ చిన్నది. పుస్తకం మొత్తం ప్యాకేజీలో అతి విలువైనది, కానీ పది రోజుల్లో చేయించకూడనిది కూడా అదే. దాన్ని సంవత్సరీకానికి వాయిదా వేసుకోవాలి. షాపువాళ్లు ఈ మాట చెప్పరు. దుఃఖంలో ఉన్న ఇల్లు బేరం ఆడదని వాళ్లకి తెలుసు.

ముందు ఫొటో సంగతి. ముప్పై నలభై ఏళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని ఇల్లు నిలబెట్టిన మనిషికి మంచి ఫొటో ఉండదు. పిల్లల పెళ్లి ఆల్బంలో చివరి వరసలో సగం మొహం, రేషన్ కార్డులో ఒకటి, ఆధార్ కార్డులో ఒకటి. చాలామంది ఆ ఆధార్ బొమ్మనే సెల్‌ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో స్టూడియోకి పంపుతారు. అక్కడే సగం పని చెడుతుంది. వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటోని పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకి కుదిస్తుంది. దాన్ని 12×18 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 90 చుక్కలు కూడా రావు. నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే ఫ్రేముకి కనీసం 150 కావాలి, 200 ఉంటే బాగుంటుంది. కాబట్టి ఫోన్లో తీసిన ఫొటో అయితే వాట్సాప్‌లోనే ‘డాక్యుమెంట్’గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేసి చేతికివ్వండి.

పాస్‌పోర్టు సైజు ఫొటో ఒక్కటే దొరికిందనుకుందాం. అది 35×45 మిల్లీమీటర్లు. 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల లెక్కన స్కాన్ చేస్తే దాదాపు 1650×2125 పిక్సెళ్లు వస్తాయి. 8×10 అంగుళాల ఫ్రేముకి అంగుళానికి 200 పైనే. 16×20కి వెళితే వంద దగ్గరకి పడిపోతుంది. పైగా పాత ప్రింటులో అసలు ఉన్న వివరమే కొంత. 1200లో స్కాన్ చేసినంత మాత్రాన లేని కనురెప్ప వెంట్రుక పుట్టదు. అందుకే పాస్‌పోర్టు ఫొటో నుంచి చేసే ఫ్రేము 10×12 దాటనివ్వకండి. ‘పెద్దది పెట్టుకోండి, హాల్లో నిండుగా ఉంటుంది’ అని షాపాయన అంటాడు. మొహం మైనపు బొమ్మలా ఉంటుంది, అదొక్కటే తేడా.

గ్రూపు ఫొటోలోంచి తీయడం ఇంకా కష్టం. 4×6 ప్రింటులో పదిమంది ఉంటే ఒక్కో మొహం సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. దాన్ని 1200లో స్కాన్ చేసినా వచ్చేది 470 పిక్సెళ్లు. 8×10 ఫ్రేము వరకు ఏదోలా నెట్టుకురావచ్చు, అంతకు మించితే కళ్లు రెండు మసక గుంటలవుతాయి. ఇలాంటప్పుడు ప్రింటు కాదు, నెగెటివ్ వెతకండి. 2005కి ముందు పెళ్లిళ్ల ఆల్బంల వెనక జేబులోనో, బీరువాలో పసుపు కవర్లోనో తరచుగా దొరుకుతాయి. 35 ఎంఎం నెగెటివ్ ముక్క 24×36 మిల్లీమీటర్లే అయినా, ఫిల్మ్ స్కానర్‌లో 3200 డీపీఐలో పెడితే సుమారు 3000×4500 పిక్సెళ్లు వస్తాయి. ఊళ్లో ఫిల్మ్ స్కానర్ లేకపోతే పెద్ద పట్టణంలో పాత కలర్ ల్యాబులని అడగండి. ఈ ఒక్క పని కోసం ఒక పూట తిరగడం దండగ కాదు.

పాత ప్రింట్లతో వచ్చే తిప్పలు మూడు. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు. రంగు పొర అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టండి. జిగురు పేజీల ఆల్బంలో అంటుకుపోతే సన్నటి నైలాన్ దారాన్ని ఫొటో కింద నుంచి మెల్లగా రంపంలా లాగితే ఊడుతుంది. మొండికేస్తే వదిలేసి పేజీతోనే స్కాన్ చేయించండి. తేనెపట్టు గళ్లలాంటి గరుకు కాగితం మీద ప్రింటైన ఫొటోలు స్కాన్లో చుక్కలు చుక్కలుగా వస్తాయి. అలాంటిదాన్ని ఒకసారి మామూలుగా, ఇంకోసారి తలకిందులుగా స్కాన్ చేసి, రెండో దాన్ని నిటారుగా తిప్పి, ఫొటోషాప్‌లో మొదటి దాని మీద సగం పారదర్శకంగా వేస్తే గళ్ల నీడలు చాలావరకు కొట్టుకుపోతాయి. పని తెలిసిన ఆపరేటరు పది నిమిషాల్లో చేస్తాడు. ‘అది పోదండీ’ అన్నాడంటే వేరే షాపు చూసుకోవచ్చు.

ఇక మెరుగులు దిద్దడం. ఇప్పుడు ప్రతి షాపులోనూ ఏఐ యాప్ ఉంది. మసక మొహాన్ని ఒక్క నొక్కుతో నిగనిగలాడిస్తుంది. అయితే అది ఉన్న మొహాన్ని శుభ్రం చేయడం లేదు, కొత్త మొహం గీస్తోంది. పళ్ల సందు మూసేస్తుంది, కనుబొమలు సమానం చేస్తుంది, చెంప మీద మచ్చ తీసేస్తుంది, ఎండలో మాడిన ఒంటిని రెండు వన్నెలు తెల్లబరుస్తుంది. భార్యకి చూపిస్తే ‘ఈయన కాదు’ అంటుంది గానీ ఏం మారిందో చెప్పలేదు. తేలికగా పట్టుకునే దారి చెవులు. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన 100 శాతం జూమ్‌లో పెట్టించి చెవి తమ్మె, కనుబొమ చివర, పెదవి మూలలు పోల్చండి. తేడా వస్తే యాప్ ప్రభావాన్ని 30 శాతానికి తగ్గించి పాత దాని మీద కలపమనండి. గీతలు, బూజు మచ్చలు మాత్రం చేత్తో తీయించండి.

కోటు సంగతి కూడా చెప్పాలి. తల కోసి టై కట్టిన సూటు బొమ్మ మీద అతికించడం మన స్టూడియోల పాత అలవాటు. జీవితమంతా పంచె, భుజాన తువ్వాలుతో తిరిగిన రైతుకి నల్ల కోటు, వెనక నీలం తెర. ఎవరు అడిగారో తెలియదు. మెడ దగ్గర అతుకు తెలిసిపోతుంది, మెడ పొడవు కూడా మారిపోతుంది. ‘బట్టలు మార్చొద్దు, వెనక గోడ ఒక్కటి శుభ్రం చేయండి’ అని ఆర్డరు కాగితం మీద రాయించండి. చొక్కా గుండీ ఊడి ఉంటే ఉండనివ్వండి. ఖాకీ చొక్కాలో ఫొటో ఉంటే, ఆయన డ్రైవరు అయితే, అంతకన్నా మంచి ఫొటో ఇంకోటి దొరకదు.

ఫ్రేము కట్టించేటప్పుడు

ఫొటో బాగుండి ఫ్రేము పాడైపోవడం మన వాతావరణంలో మామూలు. కారణాలు రెండే: తేమ, ఎండ. ఫొటో నేరుగా అద్దానికి తగులుతుంటే రెండు వానాకాలాలకి అక్కడక్కడ అతుక్కుని తడిసినట్టు కనబడుతుంది. అద్దానికీ ఫొటోకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా చుట్టూ మౌంటు బోర్డు పెట్టించాలి. ఫొటో చుట్టూ కనిపించే ఆ తెల్ల అంచు అందానికి కూడా పనికొస్తుంది. వెనక వైపు హార్డ్‌బోర్డు పెట్టి, మేకులు కొట్టాక అంచులన్నీ బ్రౌన్ టేపుతో మూయించాలి. టేపు వేయకపోతే వెండి పురుగులు దూరతాయి. ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన) పలక మీద ఫొటో అతికించి లామినేషన్ చేసే రకం చవక. కానీ దాని అంచుకి నీళ్లు తగిలితే ఉబ్బి పగులుతుంది.

నీళ్లు ఎక్కడ నుంచి వస్తాయంటే, దండ నుంచి. తడి పూలదండ ఫ్రేము మీద వేస్తే నీళ్లు అద్దం మీదుగా కారి కింది బీడింగులోకి దిగుతాయి. పాడైన ఫ్రేముల్లో ఎక్కువ కింది అంచు నుంచే మొదలవుతాయి. మేకు ఫ్రేముకి పైన గోడకి విడిగా కొట్టి దండ దానికి వేలాడదీయాలి, అదీ నీళ్లు విదిలించాక. రోజువారీకి చందనపు దండ మేలు. దీపం ఫ్రేముకి అడుగు దూరంలోనైనా ఉండాలి, లేకపోతే గడ్డం దగ్గర మసి పేరుకుంటుంది. దక్షిణపు గోడకి పెట్టడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. అది ఫొటోకీ మంచిదే, ఉత్తరం వైపు చూసే ఫొటో మీద నేరుగా ఎండ పడేది తక్కువ. 16×20 ఫ్రేముకి 2 మిల్లీమీటర్ల అద్దమే కిలో ఉంటుంది, కాబట్టి పైన ఒక్క కొక్కెం కాకుండా రెండు వైపులా రింగులు పెట్టించి వైరు కట్టించండి.

ఫ్లెక్సీ గురించి ఎక్కువ రాయనవసరం లేదు. చదరపు అడుగు లెక్కన ఇస్తారు. 6×4 అంటే 24 అడుగులు, దారి చూపించడానికి అది చాలు. వీధి మలుపులో ఒకటి, ఇంటి ముందు ఒకటి, ఊరి మొదట్లో ఒకటి అని మూడు రాయించుకుంటారు, రెండు వద్దనండి. ఫ్లెక్సీ వేయించినవాళ్ల ఫొటోలు కింద వరసగా పెడితే పోయినాయన కన్నా అల్లుడి స్నేహితులే పెద్దగా కనిపించిన ఫ్లెక్సీలు కోకొల్లలు. పీవీసీ కాబట్టి కాలిస్తే విషపు పొగ, పాతిపెడితే కుళ్లదు. ఆ తర్వాత అది ఏ గేదెల పాకకో పరదా అవుతుంది, ఆ మొహంతోనే. గుడ్డ మీద ప్రింటు చేసే షాపు దగ్గర్లో ఉంటే అదే చేయించండి, కొంచెం ఖర్చు ఎక్కువైనా.

పత్రికలో శ్రద్ధాంజలి ప్రకటన వేయించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఊరు వదిలి వెళ్లిన పాత తోటివాళ్లకి కబురు అందాలంటే ఇప్పటికీ పనికొస్తుంది. రాష్ట్రమంతా అక్కర్లేదు, జిల్లా ఎడిషన్ చాలు, రేటు బాగా తగ్గుతుంది. సైజు కాలమ్ సెంటీమీటర్లలోనో, చదరపు సెంటీమీటర్లలోనో చెబుతారు, రెండు పత్రికల రేట్లు పోల్చేటప్పుడు అది చూసుకోండి. పత్రిక కాగితం సిరా పీల్చుకుని చుక్కలు ఉబ్బుతాయి, అందుకే మొహం ముద్రణలో నల్లబడుతుంది. గోడ ఫ్రేముకి ఇచ్చిన ఫైలే ఇవ్వకుండా కాస్త తేటగా, వెనక లేత రంగుతో ఇంకో ఫైలు చేయించి ఇవ్వండి.

పుస్తకం

పది రోజుల ప్యాకేజీలో వచ్చే పుస్తకం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ముందు అట్ట మీద దేవుడు, లోపల ఒక శ్లోకం, ఒక పేజీలో ‘కష్టజీవి, మృదుస్వభావి, పరోపకారి, ఆదర్శ భర్త, ఆదర్శ తండ్రి’. ఆ పేజీ డీటీపీ షాపు కంప్యూటర్లో ఎప్పుడూ ఉంటుంది, పేరు ఒక్కటే మారుతుంది. కష్టజీవి అని రాశారు సరే, ఏం కష్టం, ఎన్ని గంటలు, ఎక్కడ, ఎంత జీతానికి అన్నది ఎక్కడా ఉండదు. మనవడు పెద్దయ్యాక తెలుసుకోవాలనుకునేది మాత్రం అదే.

ఆ సమాచారం ఇంట్లోనే ఉంటుంది, కానీ కర్మ అయ్యాక ఇల్లు సర్దేటప్పుడు పాత కాగితాలు మూటగట్టి పారేస్తారు. కాబట్టి పుస్తకం ఏడాదికి చేయించుకున్నా, కాగితాల సంచి మాత్రం మొదటి వారంలోనే పక్కన పెట్టాలి. ఒక్కో పనికి ఒక్కో రకం ఆధారం. గల్ఫ్ వెళ్లొచ్చిన మనిషి అయితే రద్దయిన పాత పాస్‌పోర్టులు, మూల కత్తిరించి తిరిగి ఇచ్చినవి, బీరువాలో ఉంటాయి. వాటిలో ముద్రల తేదీలు వరసగా రాసుకుంటే ఎన్నేళ్లలో ఎన్ని రోజులు ఇంట్లో ఉన్నాడో లెక్క తేలుతుంది. ఆ లెక్క ఒక్క పేరా రాస్తే చాలు, ‘త్యాగమూర్తి’ అని రాయక్కర్లేదు. సింగరేణి కార్మికుడికి పే స్లిప్పులు, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల పీఎఫ్) నంబరు, ఏ గని, ఏ షిఫ్టు. ఆర్టీసీ డ్రైవరుకి బ్యాడ్జి, బదిలీ ఆర్డర్లు. రైతుకి పాసు పుస్తకం, సొసైటీ రుణం రశీదులు, పంట అమ్మినప్పుడు లెక్క రాసిచ్చే మార్కెట్ యార్డు తక్‌పట్టీలు: ఏ ఏడు ఏ పంట, క్వింటాలు ఎంతకి అమ్మాడో వాటిలో ఉంటుంది. టైలరుకి కొలతల పుస్తకం, అందులో ఊరివాళ్లంతా ఉంటారు. ఎల్‌ఐసీ బాండ్లు కూడా చూడండి. చాలా ఇళ్లలో మొదటి పాలసీ తేదీ మొదటి బిడ్డ పుట్టిన దగ్గర్లోనే ఉంటుంది.

తేదీల దగ్గర జాగ్రత్త. పాత తరం వాళ్లకి బడిలో రాసిన పుట్టినరోజు మేస్టారు వేసిన తేదీ. జూన్ 1, జూలై 1 అని ఉంటే అనుమానించండి. పుస్తకంలో ‘రికార్డుల ప్రకారం’ అని ఒక ముక్క చేరిస్తే సరిపోతుంది. చనిపోయిన తేదీతో పాటు తిథి కూడా తప్పకుండా వేయండి, మాసం, పక్షంతో సహా. తద్దినం దాని ప్రకారమే కాబట్టి పిల్లలు విదేశాల్లో ఉన్నా ఈ పుస్తకం తీసి చూసుకుంటారు.

జిల్లాల విషయంలో దాదాపు ప్రతి పుస్తకంలోనూ తప్పు కనిపిస్తుంది. చీరాలలో 1955లో పుట్టిన మనిషి గుంటూరు జిల్లాలో పుట్టాడు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక ఆ ఊరు అందులోకి వెళ్లింది, దానికే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. 2022 నుంచి బాపట్ల జిల్లా. సిరిసిల్ల 2016 దాకా కరీంనగర్ జిల్లా. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందు తాలూకాలు. 1995లో వరంగల్ డిపోలో చేరినాయన ‘టీఎస్‌ఆర్టీసీలో చేరారు’ అని రాస్తే తప్పు, అప్పుడది ఏపీఎస్‌ఆర్టీసీ. రాష్ట్రం విడిపోయాక సంస్థ విడిపోయింది. అప్పటి పేరు రాసి, ‘ఇప్పుడు ఫలానా జిల్లా’ అని పక్కన వేస్తే గొడవ లేదు.

కాగితాల్లో లేనిది ఇంట్లో ఆడవాళ్లకి తెలుసు. ‘నాన్న గురించి చెప్పమ్మా’ అంటే ఎవరూ చెప్పలేరు, ఏడుపు వస్తుంది. చిన్న చిన్న ప్రశ్నలు అడగాలి. పొద్దున ఎన్నింటికి లేచేవారు, ఏం తిని వెళ్లేవారు, సైకిలా బస్సా, క్యారేజీలో ఏం పెట్టేదానివి, జీతం రోజు డబ్బు ముందు ఎవరికి ఇచ్చేవారు, ఆ ఇంటి అప్పు ఎన్నేళ్లు తీర్చారు, చేతికి ఆ మచ్చ ఎలా వచ్చింది. ఒక కూర్చోవడంలో అరగంట మించొద్దు. ఫోన్లో రికార్డు చేసి తర్వాత రాసుకోండి, మాటలు ఆమెవే ఉంచండి. ‘పెళ్లిళ్ల సీజన్లో రాత్రి రెండింటి దాకా మిషను ఆగేది కాదు. కాజాలు మాత్రం నేనే కుట్టేదాన్ని, ఆయనకి చూపు ఆనేది కాదు’ – ఇలాంటి రెండు వాక్యాలు ముందు చెప్పిన ఆదర్శ పేజీ మొత్తానికి సమానం. తోటి పనివాళ్లని కూడా ఇద్దరిని అడగండి. ఇంట్లో తెలియని సంగతులు వాళ్ల దగ్గర ఉంటాయి, నవ్వు తెప్పించేవి కూడా.

అచ్చు వివరాలకి వద్దాం. ఏ5 సైజు, లోపల 16 పేజీలు, అట్ట వేరే. సెంటర్ పిన్ పుస్తకానికి పేజీలు నాలుగు గుణకాల్లోనే ఉండాలి. 18 పేజీల మ్యాటరు తీసుకెళితే రెండు ఖాళీ పేజీలకి కూడా డబ్బు కట్టాలి. లోపల 90 జీఎస్‌ఎం (కాగితం బరువు లెక్క) మ్యాప్‌లిథో, అంటే మెరుపు లేని మామూలు తెల్ల కాగితం, చదవడానికి హాయి, ఫొటోలు ఎక్కువైతే 130 ఆర్ట్ పేపరు. అట్టకి 300 ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. చదివేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లు, అక్షరం 14 పాయింట్లకి తగ్గనివ్వొద్దు. అలా వేస్తే పేజీకి 150 మాటలు పడతాయి. ఆరు పేజీలు ఫొటోలకి పోతే మిగిలిన పదింటికి 1500 మాటలు, ఒక మనిషి పనిని చెప్పడానికి చాలినంత. వంద కాపీల లోపు డిజిటల్ ప్రింటు. ఐదువందలు దాటితే ఆఫ్‌సెట్ లాభం. మధ్యలో అయితే రెండు రేట్లూ అడగండి.

తెలుగు అక్షరాలు విరిగిపోవడం ఈ పనిలో పెద్ద తలనొప్పి. మీరు ఫోన్లో టైపు చేసింది యూనికోడ్. చాలా డీటీపీ షాపుల్లో వాడేది అను ఫాంట్లు, యూనికోడ్ కాని పాత పద్ధతివి. మధ్యలో కన్వర్టర్ వేస్తారు, అక్కడ ఒత్తులు ఎగిరిపోతాయి. ‘క్ష’, ‘ర్య’, ‘జ్ఞ’, పొల్లు అక్షరాలు, రెండు ఒత్తులున్న మాటలు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. యూనికోడ్‌లోనే చేస్తామంటే ఇంకా మంచిది, కానీ ఫొటోషాప్‌లో భారతీయ భాషల సెట్టింగు పెట్టకపోతే ఒత్తు అక్షరం కింద కాకుండా పక్కన పడుతుంది. ప్రూఫు స్క్రీన్ మీద చూసి సరే అనకండి, కాగితం మీద తీయించి ఇంటికి తెచ్చుకోండి. ముఖ్యంగా శీర్షిక. ‘శ్రద్ధాంజలి’లో ద కింద ధ ఒత్తు. ‘శ్రద్దాంజలి’ అని అట్ట మీద అచ్చయిన పుస్తకాలు లెక్కలేనన్ని.

ఆఖరి పేజీలో కుటుంబం పేర్లు వేస్తారు. పుస్తకం మొత్తంలో గొడవ వచ్చే పేజీ అదే. కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు, వరస తప్పకుండా, ఇంటి పేర్లతో, ఇద్దరు వేర్వేరు మనుషుల చేత సరి చూపించండి. పాత కాగితాల బొమ్మలు వేసేటప్పుడు ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు నంబర్లు నల్లగా కొట్టేయండి. పుస్తకం వంద ఇళ్లకి వెళుతుంది.

కొత్తగా ఇప్పుడు పుస్తకం వెనక క్యూఆర్ కోడ్ పెడుతున్నారు, స్కాన్ చేస్తే ఆయన గొంతు వినిపిస్తుందని. ఆలోచన బాగుంది, ఆచరణలో ఏడాది తిరక్కుండా ఆగిపోయేవే ఎక్కువ. ఉచిత వెబ్‌సైట్లలో చేసిన ‘డైనమిక్’ కోడ్ (ఆ వెబ్‌సైటు మీదుగా లింకుకి వెళ్లేది) గడువు తీరితే పనిచేయదు, ‘స్టాటిక్’ కోడ్ (లింకు నేరుగా కోడ్‌లోనే ఉండేది) అడగండి. గూగుల్ డ్రైవ్ లింకు పెడితే ‘లింకు ఉన్న ఎవరైనా’ అని అనుమతి మార్చాలి, ఫైలు కూడా బతికున్నవాళ్ల ఖాతాలో ఉండాలి. రెండేళ్లు వాడని ఖాతాల్ని గూగుల్ తీసేయవచ్చు. కోడ్ కనీసం రెండు సెంటీమీటర్లు ఉండాలి, ముదురు రంగు అట్ట మీద కాకుండా తెల్ల గడిలో.

గొంతు అసలు దొరకాలంటే ఫోను సంగతి వెంటనే చూడాలి. రీచార్జి ఆపేసి వాడకం లేకపోతే సుమారు మూడు నెలలకి నంబరు పోయి తర్వాత వేరేవాళ్లకి వెళుతుంది. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే తొలగిస్తారు. బ్యాంకు, పీఎఫ్, ఇన్సూరెన్సు పనుల ఓటీపీలు కూడా ఆ నంబరుకే వస్తుంటాయి కాబట్టి సిమ్ కొన్నాళ్లు బతికించుకోవడం ఎటూ అవసరమే. ఆయన పంపిన వాయిస్ మెసేజులు మీ ఫోన్లోనే ఉన్నాయి, చాట్‌ని మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేయండి. ‘ఆ... తిన్నావా, సరే ఉంటా’ లాంటి నాలుగు సెకన్ల మెసేజు కూడా ఉంచండి. పాట పెట్టిన స్టేటస్ వీడియో బదులు అది పెట్టుకోవచ్చు.

సమాధి కట్టే ఆచారం ఉన్నవాళ్లు నల్లరాయి మీద మొహం చెక్కిస్తున్నారు. ఒక్క సూచన. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు అందమైన రాయి, కానీ దాని బంగారు మచ్చలు లేజర్ బొమ్మలో చెంపల మీద, నుదుటి మీద పడతాయి. బొమ్మకి మచ్చల్లేని నల్లరాయి తీసుకోండి, గెలాక్సీని చుట్టూ అరుగుకి వాడండి. పేరు, తేదీలు లేజర్‌తో పైపైన కాకుండా లోతుగా చెక్కించండి. బంగారు రంగు ఎండకి వెలిసినా అక్షరం మిగులుతుంది.

చివరగా డబ్బు ఇచ్చేటప్పుడు. బాకీలో కొంత ఆపి, ఫైళ్లు చేతికి వచ్చాకే పూర్తిగా కట్టండి. కావలసినవి నాలుగు: ఏ మార్పూ చేయని మొదటి స్కాన్, దిద్దిన ఫొటో పూర్తి సైజులో, పుస్తకం ప్రింటు పీడీఎఫ్ చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడుతో (అంచు కత్తిరింపుకి వదిలే అదనపు భాగం), దాని అసలు ఎడిటింగ్ ఫైలు. షాపుల్లో పాత ఫైళ్లు ఏడాదికోసారి తుడిచేస్తారు. ఇంకో యాభై కాపీలు కావాలని తర్వాత వెళితే, ఫైలు లేనివాళ్లకి పుస్తకాన్నే మళ్లీ స్కాన్ చేసి మసక ప్రింటు ఇస్తారు, రేటు మాత్రం కొత్త పుస్తకానిదే.